ఎంత ఇచ్చారు, ఎలా నిర్ణయించారు

(వి.వి. గిరి స్మారక ఉపన్యాస పాఠం)



వరాహగిరి వేంకటగిరి గారనగానే చాలామందికి 1969 నాటి రాష్ట్రపతి ఎన్నిక గుర్తొస్తుంది. కార్మికోద్యమం తెలిసినవారికి ఖరగ్‌పూర్, బెంగాల్ నాగపూర్ రైల్వే కార్మికుల సమ్మె గుర్తొస్తాయి. నేను 1954తో మొదలుపెడతాను. పాతపట్నం నుంచి లోక్‌సభకు గెలిచి కేంద్ర కార్మిక మంత్రి అయిన గిరి గారు ఆ ఏడాది పదవికి రాజీనామా చేశారు. కారణం బ్యాంకు ఉద్యోగుల జీతాల తగాదా.

ఆ తగాదా అప్పటికే ఏళ్లుగా నలుగుతోంది. సేన్ ట్రిబ్యునల్ 1950లో ఇచ్చిన అవార్డు చెల్లదని మరుసటి ఏడాది సుప్రీంకోర్టు తేల్చింది. శాస్త్రి ట్రిబ్యునల్ మళ్లీ మొదటి నుంచీ విని 1953లో ఇంకో అవార్డు ఇచ్చింది. దాని మీద అప్పీళ్లు నడిచాయి. 1954లో లేబర్ అప్పిలేట్ ట్రిబ్యునల్ తీర్పు చెప్పింది. వాదనలు అయ్యాయి, లెక్కలు చూశారు, తీర్పు వచ్చింది. అంతా అయ్యాక కేంద్ర ప్రభుత్వం ఒక ఉత్తర్వు జారీచేసి, ఆ తీర్పులో ఉద్యోగులకు దక్కినదానికి కోత పెట్టింది. బ్యాంకులు అంత భారం మోయలేవంది. గిరి గారు ఆ ఉత్తర్వుతో పాటు మంత్రిగా కొనసాగలేనన్నారు. తర్వాత ప్రభుత్వమే బ్యాంక్ అవార్డు కమిషన్ వేసి, అందులో జస్టిస్ గజేంద్రగడ్కర్ ఇచ్చిన నివేదిక తీసుకుని, 1955లో చట్టం చేసి ఆ వ్యవహారాన్ని చక్కబెట్టుకోవలసి వచ్చింది.

ఇందులో నన్ను ఆలోచనలో పడేసే సంగతి ఒకటుంది. గిరి గారికి ట్రిబ్యునళ్లంటే మక్కువ లేదు. యజమానీ కార్మికులూ ఎదురెదురుగా కూర్చుని, బేరమాడుకుని ఒప్పందానికి రావాలి తప్ప ప్రభుత్వం తీర్పులు రుద్దకూడదని ఆయన గట్టిగా నమ్మారు. అప్పట్లో దానికి గిరి విధానమనే పేరు కూడా వచ్చింది. అలాంటి మనిషి ఒక ట్రిబ్యునల్ తీర్పు కోసం పదవి వదులుకున్నారు. నాకు అర్థమైనంతలో ఆయన పట్టింపు రూపాయల మీద కాదు. ఇద్దర్నీ పిలిచి, ఇద్దరి మాటా విని, తీర్పు చెప్పాక, అది నచ్చలేదని బలమున్న పక్షం మాట మార్చడం ఆయనకు మింగుడుపడలేదు.

ఆ పట్టింపు నుంచే ఈనాటి నా ప్రశ్న పుడుతుంది. పనిచేసే మనిషి తన సంస్థను ఎప్పుడు తనదనుకుంటాడు? జీతం బాగుంటే అనుకుంటాడని తేలిగ్గా చెప్పేస్తాం. ఎంత ఇచ్చారన్నది ముఖ్యమే. అయితే ఎలా నిర్ణయించారు, ఆ నిర్ణయాన్ని తనకు ఎలా చెప్పారు అన్నవాటికి, విశ్వాసం దగ్గరికి వచ్చేసరికి, ఇంకా ఎక్కువ బరువుందని నేను నమ్ముతున్నాను. ఈ నమ్మకాన్ని దుర్వినియోగం చేసే దారి కూడా ఒకటుంది. దాని సంగతి కూడా దాచకుండా చెబుతాను.

ముందు "ఎంత" అన్నది చూద్దాం. 1960లలో జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీలో పరిశోధకుడిగా ఉన్న జె. స్టేసీ ఆడమ్స్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఒక సిద్ధాంతం చెప్పాడు. ఉద్యోగి తన జీతాన్ని ఒంటరిగా చూసుకోడు. తాను పెట్టే శ్రమ, చదువు, అనుభవం ఒకపక్క, తనకు వచ్చేది ఇంకోపక్క పెట్టి, అదే లెక్క పక్కవాడికీ వేసి రెండూ పోల్చుకుంటాడు. తేడా కనిపిస్తే దాన్ని ఏదో ఒక రకంగా సరిచేసుకుంటాడు. పని తగ్గిస్తాడు, పోల్చుకునే మనిషిని మారుస్తాడు, లేదా వెళ్లిపోతాడు. మన పెద్దలకు ఇది కొత్త కాదు. విందులో ఒకే పంక్తిలో కూర్చున్నవాళ్లలో ఒకరి విస్తట్లో నెయ్యి వేసి పక్క విస్తరి దాటిపోతే, ఆ పక్కవాడికి కడుపు నిండినా మనసు నిండదు. పంక్తిభేదాన్ని పాపమన్నది అందుకే.

మన న్యాయస్థానాలు ఈ పోలికను గౌరవించిన సందర్భాలున్నాయి. ఢిల్లీ పోలీసు శాఖలో పనిచేసే ఒక డ్రైవర్ కానిస్టేబుల్, ఇతర శాఖల డ్రైవర్లకు తనకన్నా ఎక్కువ జీతం ఎందుకని సుప్రీంకోర్టుకు వెళ్లాడు. రణధీర్ సింగ్ కేసుగా పేరుపడ్డ ఆ వ్యాజ్యంలో 1982లో, సమాన పనికి సమాన వేతనమన్నది రాజ్యాంగ లక్ష్యమని తీర్పు రాసినవారు మన తెలుగువారైన జస్టిస్ ఒ. చిన్నపరెడ్డి. ఆదేశిక సూత్రాలలో 39వ అధికరణం కింద నిద్రపోతున్న మాటను ఆయన సమానత్వ హక్కుతో కలిపి లేపారు. ఒక డ్రైవర్ మనసులోని పోలిక దేశ చట్టంగా మారిన ఆ తీర్పును కార్మిక విషయాలు చదివే విద్యార్థులందరూ చదవాలి.

ఇక "ఎలా" అన్నది. దీని మీద ఎక్కువసేపు నిలబడతాను.

జాన్ థిబో అనే మనస్తత్వవేత్త, లారెన్స్ వాకర్ అనే న్యాయశాస్త్ర ఆచార్యుడు కలిసి 1975లో ఒక పుస్తకం తెచ్చారు. తగాదాల తీర్పు పద్ధతుల మీద తాము చేసిన ప్రయోగాలను అందులో వివరించారు. తన వాదన పూర్తిగా చెప్పుకునే అవకాశం దొరికినవాడు, ఓడిపోయినా, ఆ పద్ధతి న్యాయమైనదేనని ఒప్పుకునే అవకాశం ఎక్కువని వాళ్లు గమనించారు. అయిదేళ్ల తర్వాత జెరాల్డ్ లెవెంథాల్ ఈ ఆలోచనను ఉద్యోగాలకూ ఇతర కేటాయింపులకూ విస్తరించాడు. నియమం అందరికీ ఒకటేనా, నిర్ణయించేవాడికి స్వలాభం ఉందా, సమాచారం సరైనదేనా, తప్పు జరిగితే దిద్దుకునే దారి ఉందా అని మనిషి లోలోపల అడుగుతూనే ఉంటాడన్నాడు.

దీనికి మన దగ్గరే ఒక నిదర్శనం ఉంది. ఉపాధ్యాయుల బదిలీలు. ఒకప్పుడు బదిలీ అంటే పైరవీ. ఎమ్మెల్యే సిఫారసు ఉత్తరం, జిల్లా ఆఫీసు చుట్టూ ప్రదక్షిణలు, రాత్రికి రాత్రి మారిపోయే ఆర్డర్లు. కౌన్సెలింగ్ పద్ధతి వచ్చాక ఏం మారింది? ఖాళీల జాబితా గోడ మీదకు వచ్చింది, తర్వాత వెబ్‌సైటులోకి వచ్చింది. సీనియారిటీ జాబితా ముందు తాత్కాలికంగా పెట్టి, అభ్యంతరాలు తీసుకుని, తర్వాతే ఖాయం చేస్తారు. ఒకే బడిలో 8 ఏళ్లు దాటినవారు తప్పనిసరిగా కదలాలి. రోడ్డు సరిగా లేని కేటగిరీ-4 ఊళ్లలో చేసినవారికి ఎక్కువ పాయింట్లు, భార్యాభర్తలిద్దరూ ఉద్యోగులైతే దానికో వెసులుబాటు. ప్రతి పాయింటు మీదా సంఘాలు కొట్లాడాయి, ఇంకా కొట్లాడుతున్నాయి. కొట్లాడటానికి ఒక కాగితం ఎదురుగా ఉండటమే పెద్ద మార్పు.

కౌన్సెలింగ్‌లో అందరికీ కోరుకున్న ఊరు దొరకదు. దొరికే వీలే లేదు, మంచి ఊళ్లు కొన్నే. అయినా మండల కేంద్రానికి దూరంగా పడ్డ టీచరు, "నా ముందు ఇంతమంది ఉన్నారు, నా వంతు వచ్చేసరికి ఇవే మిగిలాయి" అని చెప్పగలుగుతున్నారు. ఆ మాట అనగలిగిన మనిషి బడికి వెళ్లి పాఠం చెబుతారు. పైరవీకి ఓడిన మనిషి కూడా బడికి వెళతారు, మనసు మాత్రం ఆ రాని ఆర్డర్ దగ్గరే ఉండిపోతుంది. కౌన్సెలింగ్ అయ్యాక వెనక తలుపు నుంచి వచ్చే సిఫారసు బదిలీలు ఎన్ని తక్కువైనా అంత కోపం తెప్పించేది ఇందుకే. అవి ఒక ఖాళీని ఎగరేసుకుపోతాయి, పద్ధతి మీద వేలమందికి ఉన్న నమ్మకాన్ని కూడా వెంట తీసుకుపోతాయి.

శిక్షల విషయంలో ఈ "ఎలా" ఇంకా పదునుగా తగులుతుంది. బస్సులో టికెట్ లేని ప్రయాణికుడు దొరికాడని తనిఖీవాళ్లు కండక్టర్ మీద కేసు రాస్తారు. ఛార్జిషీటు, సంజాయిషీ, విచారణ, రిమూవల్, అప్పీలు, చివరికి లేబర్ కోర్టు. ఈ దారి ఆర్టీసీ కుటుంబాలకు కంఠతా వచ్చు. హర్యానా రోడ్‌వేస్ కండక్టర్ ఒకరి కేసులో, ప్రయాణికులను సాక్షులుగా పిలిచి విచారించనంత మాత్రాన శాఖాపరమైన విచారణ చెల్లకుండా పోదని 1977లో సుప్రీంకోర్టు చెప్పింది. చట్టపరంగా అది స్థిరపడ్డ మాట, దాన్ని ఇక్కడ తిరగదోడను. కానీ చట్టానికి సరిపోయేంత విచారణ వేరు, మనిషి మనసుకు సరిపోయే విచారణ వేరు. విచారణాధికారి ముందే నిర్ణయం రాసిపెట్టుకుని కూర్చున్నాడని అనిపిస్తే, ఆ గదిలో జరిగిందంతా లాంఛనమే అవుతుంది. దాని ప్రభావం ఆ ఒక్కరితో ఆగదు. డిపో మొత్తం చూస్తుంటుంది. రేపు నా మీద కేసు రాసినా ఇంతేనని ప్రతి కండక్టరూ లెక్క వేసుకుంటాడు. 1971లో పారిశ్రామిక వివాదాల చట్టంలో 11ఎ సెక్షన్ చేర్చి, శిక్ష మరీ ఎక్కువైందనిపిస్తే తగ్గించే అధికారం లేబర్ కోర్టులకు ఇచ్చారు. ఆ తలుపు తెరిచి ఉందన్న ధైర్యంతోనే చాలామంది డ్యూటీ ఎక్కుతారు.

గుమాస్తా నుంచి ఇంజనీరు దాకా అందర్నీ తాకిన ఇంకో జబ్బు కాన్ఫిడెన్షియల్ రిపోర్టు. పై అధికారి ఏం రాశాడో కింది ఉద్యోగికి తెలిసేది కాదు. మరీ చెడ్డగా రాస్తేనే చెప్పాలన్నది పాత ఆనవాయితీ. సరిహద్దు రోడ్ల సంస్థలో పనిచేసిన దేవ్ దత్ అనే ఇంజనీరుకు ఒక ఏడాది "గుడ్" అని వేశారు. వినడానికి మంచి మాటే. కానీ పదోన్నతికి వరుసగా అయిదేళ్లు "వెరీ గుడ్" ఉండాలన్నది నియమం. ఆ మంచి మాటే ఆయన పదోన్నతి ఆపేసింది. ఆ సంగతి ఆయనకు ఎవరూ చెప్పలేదు. 2008లో సుప్రీంకోర్టు, మంచిదైనా చెడ్డదైనా ప్రతి వ్యాఖ్యా ఉద్యోగికి తెలియజేయాలని తీర్పిచ్చింది. మరుసటి ఏడాది కేంద్రం అందుకు తగ్గట్టు ఉత్తర్వులు ఇచ్చింది. నేను సిబ్బంది వ్యవహారాలు చూసిన కాలంలో పదోన్నతుల జాబితా వచ్చిన రోజున నా గదికి వచ్చినవాళ్లలో ఎక్కువమంది అడిగింది "నాకెందుకు రాలేదు" అని కాదు, "దేన్ని బట్టి ఇచ్చారు" అని. ఆ రెండో ప్రశ్నకు జవాబు చెప్పగలిగినప్పుడు వాళ్లు కష్టంగానే అయినా కుర్చీలోంచి లేచి పనికి వెళ్లేవారు. చెప్పలేనప్పుడు సంస్థ వాళ్లను ఆ రోజే పోగొట్టుకునేది. పదవీ విరమణ ఎప్పుడో తర్వాత జరిగేది.

చెప్పే తీరు గురించి ఒక పరిశోధన ఉంది. జెరాల్డ్ గ్రీన్‌బర్గ్ 1990లో ప్రచురించాడు. అమెరికాలో ఒక తయారీ కంపెనీకి కొన్ని కాంట్రాక్టులు పోయాయి. రెండు ప్లాంట్లలో పది వారాల పాటు జీతంలో 15 శాతం కోత పెట్టారు. ఒక ప్లాంటులో పెద్దలే వచ్చి, లెక్కలు ముందు పెట్టి, ఎవరినీ పనిలోంచి తీసేయకుండా ఉండటానికే ఈ కోత అని వివరించి, బాధ వ్యక్తం చేసి, అడిగిన ప్రశ్నలకు జవాబులు చెప్పారు. రెండో ప్లాంటులో పావుగంటలో ప్రకటించి వెళ్లిపోయారు. కోత ఒకటే, కాలం ఒకటే. రెండో ప్లాంటులో సామాను మాయం కావడం బాగా పెరిగింది, ఉద్యోగం మానేసినవాళ్లూ అక్కడే ఎక్కువ. కోత ఎత్తేశాక దొంగతనాలు తగ్గిపోయాయి. అమెరికాలోనే ఉద్యోగం పోయినవారి మీద 2000లో అలన్ లిండ్ బృందం ప్రచురించిన అధ్యయనంలో, తమను గౌరవంగా, న్యాయంగా పంపారనుకున్నవారిలో దావా వేసినవారు ఒక శాతం లెక్కన ఉంటే, అన్యాయంగా పంపారనుకున్నవారిలో 17 శాతం ఉన్నారు. నోటీసు ఇచ్చే చేతికి ఎంత పనుందో ఈ రెండు అంకెలు చెబుతాయి.

ఇంటికి వద్దాం. సింగరేణిలో దసరా ముందు లాభాల వాటా కోసం, దీపావళికి బోనస్ కోసం బొగ్గుబాయి కుటుంబాలు ఎదురుచూస్తాయి. 2024 సెప్టెంబరులో ప్రకటించిన వాటా చూడండి. 2023-24లో నికర లాభం 4,701 కోట్లు. అందులో 2,289 కోట్లు విస్తరణకు పక్కన పెట్టారు. మిగిలిన 2,412 కోట్లలో 33 శాతం, అంటే 796 కోట్లు, కార్మికుల వాటా అన్నారు. సగటున ఒక్కొక్కరికి లక్షా 90 వేలు. ఏ లెక్కన చూసినా పెద్ద మొత్తమే. అయినా అసంతృప్తి రేగింది. మొత్తం లాభం మీద కదా శాతం కట్టాలి, విస్తరణకు తీసింది పోగా మిగిలినదాని మీద ఏమిటని కొన్ని సంఘాలు నిలదీశాయి. డబ్బు పక్కన పెట్టవలసిన అవసరం నిజంగా ఉండవచ్చు. కొత్త గనులు రాకపోతే రేపటి కార్మికుడికి మస్టరే ఉండదు. ఆ మాట గుర్తింపు సంఘంతో ముందే కూర్చుని, గని మీద గేట్ మీటింగుల్లో చెప్పి, ఒప్పించాక శాతం ప్రకటించడం ఒక పద్ధతి. శాతం ప్రకటించాక లెక్క తెలియడం ఇంకో పద్ధతి. 1998 నుంచీ రహస్య ఓటింగుతో గుర్తింపు సంఘాన్ని ఎన్నుకుంటున్న సంస్థ అది. దేశంలో చాలా కంపెనీలకు లేని సంప్రదాయం. అంత మంచి వేదిక చేతిలో ఉన్నచోట లెక్క చివర్లో చెప్పడం నాకు బాధ కలిగిస్తుంది.

అదే ప్రకటనలో మరో సంగతి ఉంది. దాదాపు 25 వేల మంది కాంట్రాక్టు కార్మికులకు మొదటిసారిగా తలా 5,000 రూపాయలు ఇచ్చారు. మొదటిసారి అన్నది గొప్పే, ఆ అడుగు వేసినవారిని అభినందించాలి. లక్షా 90 వేల పక్కన 5,000 అన్నది కూడా నిజమే. ఇద్దరి ఒంటి మీదా అదే బొగ్గు దుమ్ము.

నేను ముందు చెప్పిన దుర్వినియోగం ఇక్కడే మొదలవుతుంది. బాగా చెబితే కోత కూడా సహిస్తారని తెలిశాక, కొందరు యాజమాన్యాలు బాగా చెప్పడం మాత్రమే నేర్చుకున్నాయి. శిక్షణ తరగతులు, చిరునవ్వులు, సర్వేలు, సలహాల పెట్టెలు. వాటా మాత్రం కదలదు. గ్రీన్‌బర్గ్ ప్లాంటులో పెద్దలు చెప్పింది నిజం, కోతకు గడువు ఉంది, గడువు తీరాక జీతం తిరిగి వచ్చింది. ఏళ్ల తరబడి పక్కవాడు చేసే పనే చేస్తూ సగం జీతానికి ఉన్నవాడికి ఎంత మర్యాదగా చెప్పినా అది వివరణ అనిపించుకోదు. పద్ధతి న్యాయంగా ఉండాలనడం వాటా ఎగ్గొట్టడానికి అనుమతి కాదు.

ఊరికే నమ్మమనడం కూడా ఇలాంటిదే. హైదరాబాదులో పుట్టిపెరిగిన సత్య నాదెళ్ల, 2014లో మైక్రోసాఫ్ట్ పగ్గాలు పట్టిన ఏడాదే, మహిళా కంప్యూటర్ నిపుణుల సభలో ఒక ప్రశ్న ఎదుర్కొన్నారు. జీతం పెంచమని అడగడానికి జంకే స్త్రీలకు మీ సలహా ఏమిటని. వ్యవస్థ మీద నమ్మకం ఉంచమన్న అర్థం వచ్చేలా జవాబిచ్చారు. విమర్శ వచ్చింది. అదే రోజు ఆయన ఆ జవాబు తప్పని ఉద్యోగులకు రాశారు. అంత త్వరగా దిద్దుకోవడం ఆయన పెద్దరికం. ఆ సంఘటన నాకు నేర్పింది ఏమిటంటే, వ్యవస్థను నమ్మమని చెప్పేది సాధారణంగా వ్యవస్థ ఎవరిని బాగా చూసిందో వాళ్లే. నమ్మకం అడిగి పుచ్చుకునేది కాదు. ఎవరి విషయంలో పద్ధతి విఫలమైందో వాళ్ల అనుభవంతో దాన్ని కొలవాలి.

విశ్వాసం అన్న మాటను నేను ఇందాకటి నుంచీ వాడుతున్నాను. జాన్ మేయర్, నటాలీ ఆలెన్ అనే ఇద్దరు 1991లో దాన్ని మూడుగా విడదీశారు. ఇష్టపడి ఉండేవాళ్లు, వెళ్లడం తప్పనిపించి ఉండేవాళ్లు, వెళితే గడవక ఉండేవాళ్లు. మన కార్యాలయాల్లో మూడో రకాన్ని చూసి మొదటి రకమని మురిసిపోవడం ఎక్కువ. ఇంటి అప్పు వాయిదాలు, పిల్లల ఫీజులు, ఊళ్లో అమ్మానాన్నలు. ఇవి కట్టిపడేసిన మనిషి రాజీనామా ఇవ్వడు. అంత మాత్రాన సంస్థ అతనిది కాలేదు. 1992లో మెక్‌ఫార్లిన్, స్వీనీ అన్న పరిశోధకులు బ్యాంకు ఉద్యోగుల మీదే చేసిన అధ్యయనంలో, జీతం మీద తృప్తిని, పని మీద తృప్తిని వాటాలోని న్యాయం ఎక్కువగా నిర్ణయిస్తే, సంస్థ మీద విశ్వాసాన్ని, పై అధికారి మీద అభిప్రాయాన్ని పద్ధతిలోని న్యాయం ఎక్కువగా నిర్ణయించిందని తేలింది. కాబట్టి రెండూ కావాలి. ఒకటిచ్చి రెండోది ఎగ్గొట్టే బేరం కుదరదు.

కాంట్రాక్టు కార్మికుడికి ఈ రెండూ లేవు. వాటా తక్కువ. పద్ధతి అసలే లేదు. అతన్ని తీసేయడానికి ఛార్జిషీటు అక్కర్లేదు, విచారణ అక్కర్లేదు, రేపటి నుంచి రావద్దన్న ఫోన్ చాలు. ఒకే రకం పనికి కాంట్రాక్టు కార్మికుడికీ అదే వేతనమని 1971 నాటి కాంట్రాక్టు లేబర్ కేంద్ర నియమాల్లో 25వ నియమం ఎప్పుడో చెప్పింది. తాత్కాలిక ఉద్యోగులకూ సమాన పనికి సమాన వేతనమే అని జగ్జీత్ సింగ్ కేసులో 2016లో సుప్రీంకోర్టు చెప్పింది. ఇన్ని మాటలున్నా, ఆసుపత్రి వార్డులో, సబ్‌స్టేషన్‌లో, మున్సిపల్ చెత్త బండి మీద ఇద్దరు పక్కపక్కన పనిచేస్తుంటే ఎవరు పర్మినెంటో ఎవరు అవుట్‌సోర్సింగో జీతాల రోజునే తెలుస్తుంది.

ఇక్కడున్న సంఘాల నాయకులను ఒకటి అడిగి ముగిస్తాను. 20 మందికి తక్కువ కాకుండా పనిచేసే ప్రతి సంస్థలో ఫిర్యాదుల పరిష్కార కమిటీ ఉండాలని 2010లో పారిశ్రామిక వివాదాల చట్టంలో చేర్చిన 9సి సెక్షన్ చెప్పింది. యాజమాన్యం తరఫున ఎందరో కార్మికుల తరఫున అందరే సభ్యులు, అధ్యక్ష స్థానం ఏటా చేతులు మారాలి. 2020 నాటి పారిశ్రామిక సంబంధాల స్మృతి కూడా ఆ కమిటీని నిలబెట్టి, సభ్యుల సంఖ్యను 10 దాకా పెంచింది. మీ సంస్థలో అది చివరిసారి ఎప్పుడు కూర్చుందో మినిట్స్ పుస్తకం తీసి చూడండి. అందులో కాంట్రాక్టు కార్మికుడి అర్జీ ఒక్కటైనా ఉందేమో వెతకండి. నీ యజమాని కాంట్రాక్టరు, ఇక్కడికి ఎందుకొచ్చావని అతన్ని గుమ్మంలోనే వెనక్కి పంపుతారు. వచ్చే సమావేశానికి ఆ అర్జీని మీ చేత్తో పట్టుకెళ్లండి. తీసుకోబోమంటే, ఎందుకు తీసుకోరో కారణం రాసిమ్మని అడగండి.